రిజ్కా రంగు

ఇలా దగ్గరికి జరుగు లిబ్బీ, ఆ కిటికీ పక్కన చల్లగాలి కొడుతుంది. కాళ్ళ మీద ఈ దుప్పటి కప్పుకో. నా గొంతు మునుపటిలా లేదు. దూరంగా కూర్చుంటే సగం మాటలు నీదాకా రాకముందే నేలమీద పడిపోతాయి. మీరు లోకంలోని రంగులన్నీ అరచేతిలో పట్టుకుని తిరుగుతున్నారు కదా, అవి మా ఊరికి మొదటిసారి ఎలా వచ్చాయో చెబుతాను. ఒక గుర్రం మీద వచ్చాయి. ఇంకో గుర్రం వెళ్ళిపోయాక వచ్చాయి.

అప్పుడు మేం హోర్కీలో ఉండేవాళ్ళం. నెబ్రాస్కాలో, మొక్కజొన్న చేల నడుమ, చెక్ వాళ్ళం మాత్రమే ఉండే చిన్న ఊరు. ఇళ్ళలో చెక్ మాట, బడిలోనూ బ్యాంకులోనూ ఇంగ్లీషు. మా నాన్న ఎమిల్ కుబాట్‌ది పెద్ద వీధిలో జీనుల కొట్టు. పేరుకే జీనుల కొట్టు. ట్రాక్టర్లు వచ్చాక జీను కావాలని అడిగిన వాడు లేడు. అందుకని మొదట మేకులూ సుత్తులూ పెట్టాడు, తర్వాత రేడియోలు, ఆ తర్వాత నలుపు తెలుపు టీవీలు. గోడలకు మాత్రం పాత కళ్ళేలు, పగ్గాలు అలాగే వేలాడేవి. ఆ తోలు వాసనలోనే టీవీలు వెలుగుతుండేవి. కొట్టు వెనకే మా ఇల్లు. రెండింటికీ మధ్య తలుపు లేదు, ఒక గళ్ళ పరదా ఉండేది. ఇటు పిండి కలిపితే అటు వినబడేది, అటు బేరమాడితే ఇటు వినబడేది.

మా అమ్మ పేరు వ్లాస్తా. ఆమెకు ఒక గుర్రం ఉండేది. దాని పేరు రిజ్కా. రిజ్కా అంటే మా భాషలో ఎర్రని ఆడగుర్రం. పేరూ అదే, రంగూ అదే. అంటే మా అమ్మ దానికి పేరంటూ పెట్టలేదు, కంటికి కనబడిందే పిలిచింది. ఏ ఎరుపు అంటావేమో. ఇటుక ఎరుపు కాదు, బీట్‌రూటు ఎరుపు అంతకన్నా కాదు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె మీద సాయంకాలపు ఎండ పడితే ఎలా ఉంటుందో, ఇంచుమించు అలా. ఇంచుమించే. పెళ్ళయిన ఏడాది తన పుట్టింటి పొలం నుంచి దాన్ని ఎక్కి వచ్చింది మా అమ్మ. మిగతా ఆడవాళ్ళు బస్సు దిగుతారు, మా అమ్మ గుర్రం దిగింది. ఊళ్ళో ముసలివాళ్ళు ఆ రోజు ఆమె పెట్టుకున్న టోపీ గురించి నా చిన్నప్పుడు కూడా చెప్పుకునేవాళ్ళు. పొద్దున్నే మాకు గిన్నె నిండా ఓట్సు పెట్టేముందు లాయంలోకి వెళ్ళి దాని చెవిలో ఏదో చెప్పి వచ్చేది. ఏం చెప్పేదో నేనెప్పుడూ అడగలేదు. అలాంటివి అడగకూడదని పిల్లలకు ఎలాగో తెలిసిపోతుంది.

ఆ ఆగస్టులో మా పిన్నికి పురుడొచ్చింది. అమ్మ సాయానికని పిన్ని ఉండే క్రీట్ అనే ఊరికి వెళ్ళింది. తిరిగొచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళముందుంది. అమ్మ చేతిసంచీ వీధిగుమ్మంలో పెట్టేసి, నన్ను ముద్దు పెట్టుకుని, తిన్నగా పెరట్లోకి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగానూ వచ్చింది.

"లాయం తలుపు తీసుందేం ఎమిల్?"

"ముందు కొట్లోకి రా. నీకొకటి చూపించాలి," అన్నాడు నాన్న. ముఖం వెలిగిపోతోంది. చేతులు తుడుచుకుని మరీ పరదా తొలగించాడు.

అద్దాల కిటికీ దగ్గర, జీనులు పెట్టే బల్ల ఉండాల్సిన చోట, వాల్‌నట్ చెక్క పెట్టె ఒకటి నిలబడి ఉంది. బీరువా అంత ఉంది. మధ్యలో గుండ్రటి మూలల అద్దం.

"రంగుల టీవీ. హోర్కీలో మొదటిది. నీకు ఆ కౌబాయ్ కథ ఇష్టం కదా వ్లాస్తా. ఇక గుర్రాలన్నీ వాటి రంగుల్లోనే కనబడతాయి నీకు."

"నా గుర్రమేది?"

"కంపెనీ వాళ్ళు సెట్టు ఊరికే ఇవ్వరుగా. క్రౌపా వచ్చి పట్టుకెళ్ళాడు. బ్రోకెన్ బో ఊరి వైపు ఏదో పొలమట. పిల్లలు ఎక్కి తిరుగుతారట. ముసలిదైపోయింది కదా, అక్కడ దానికి హాయిగా ఉంటుంది."

క్రౌపా అంటే ఊరూరా తిరిగి గుర్రాలు కొనే వ్యాపారి. అమ్మ ఆ పెట్టె పైచెక్క మీద చెయ్యి వేసింది, గుర్రం మెడమీద వేసినట్టు. కాలినట్టు తీసేసింది.

మా నాన్న చెడ్డవాడని అనుకోకు తల్లీ. ఆ మనిషి లెక్క వేరు. పోయేది ముసలి గుర్రం, వచ్చేది గుర్రాల గుంపు, అదీ రంగుల్లో. ఇల్లాలు సంతోషిస్తుందని నిజంగా అనుకున్నాడు. జీనులు కుట్టేవాడి బుర్రకే తట్టే ఆలోచన అది.

ఆ రోజు నుంచి అమ్మ ఆయనతో మాట్లాడితే నా మీదుగా మాట్లాడింది.

"అల్బీనా, సూపు చల్లారుతోందని మీ నాన్నతో చెప్పు."

ఆయన అక్కడే, చేతికందేంత దూరంలో కూర్చుని ఉండేవాడు. "వస్తున్నానని మీ అమ్మతో చెప్పమ్మా," అనేవాడు నాతో. నేను సూపు గిన్నెలోకి చూస్తూ అటూ ఇటూ చెప్పేదాన్ని. నవ్వొచ్చేది మొదట్లో. తర్వాత రాలేదు.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ అమ్మ నాతో అంది: "మొక్కజొన్న కోత అయ్యాక పిన్ని దగ్గరికి వెళ్ళిపోతాను. అక్కడ పిండిమిల్లులో పనుందట. నువ్వు నాతో వస్తావో, ఇక్కడ ఉంటావో చూసుకో."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

అమ్మ నోట్లో బట్టల క్లిప్పు పెట్టుకుంది. నోట్లో క్లిప్పు ఉంటే జవాబు చెప్పనక్కర్లేదు కదా. ఆ దుప్పట్ల వెనక, చేలలో మొక్కజొన్న ఇంకా పచ్చగానే ఉంది. అది ఎండకూడదని ఆ ఏడు నేను చేసినన్ని ప్రార్థనలు ఏ కరువు వేళా ఎవరూ వానకోసం చేసి ఉండరు.

ఇక ఆ కౌబాయ్ కథ సంగతి. ఆ రోజుల్లో టీవీలో వచ్చేవన్నీ దాదాపు నలుపు తెలుపే. రంగుల సెట్టు కొన్నా అందులో మళ్ళీ నలుపు తెలుపే చూడాలంటే ఎవడు కొంటాడు? సెట్లు అమ్మేవాళ్ళకు ఆ సంగతి తెలుసు. అందుకని ఆదివారం సాయంత్రం ఒక కౌబాయ్ కథను రంగుల్లో వేయడం మొదలుపెట్టారు. వంటింట్లో కూర్చుని మొగుడూ పెళ్ళాం కబుర్లాడుకునే నాటకానికి రంగు దేనికి? కొండకు కావాలి, ఆకాశానికి కావాలి, పరుగెత్తే గుర్రానికి కావాలి. ఈ కథలో ఒక టపా రౌతు ఉత్తరాల సంచీ వేసుకుని కొండల్లో తిరుగుతుంటాడు. వారానికొక ఊరు, వారానికొక దొంగ. దొంగ ఎవరో టోపీ చూసే చెప్పేసేవాళ్ళం. అదే కథను అంతకుముందు నలుపు తెలుపు సెట్లలో ఊరంతా చూస్తూనే ఉంది. చూసి పోట్లాడుకుంటూనే ఉంది. ఎందుకంటే బూడిదరంగు బొమ్మలో ఆ రౌతు గుర్రం ఏ రంగుదో ఎవరికీ తెలియదు.

ఓల్డ్రిచ్ పెత్రాక్ అని, మా కొట్టుకు వాడుకగా వచ్చే రైతు, బాన బొజ్జ, పెద్ద గొంతు, అది ఎర్రదే, రిజ్కాయేనని అతని పట్టు. కోలాచ్ రొట్టెలు కాల్చి అమ్మే అగ్నెస్ తేతా మాత్రం అది కాఫీగింజ రంగుదని పట్టు. తేతా అంటే అత్త. ఆవిడ ఎవరికీ సొంత అత్త కాదు, అందుకని అందరికీ అత్తే. ఒక చెవి వినబడదు ఆవిడకు. ఏ చెవి అనేది మాత్రం ఎదుటివాడు అనే మాటను బట్టి మారుతుండేది.

మొదటి ఆదివారం ఆ తగువు తేల్చుకోవడానికే సగం ఊరు మా కొట్టుకు వచ్చింది. మేకుల పీపాలు తిరగేసి కూర్చున్నారు. అగ్నెస్ తేతా గసగసాల కోలాచ్‌ల పళ్ళెంతో ముందు వరుసలో కూర్చుంది. నాన్న మీటలు తిప్పడం మొదలెట్టాడు. టపా రౌతు ముఖం ఆకుపచ్చగా వచ్చింది. ఇంకాస్త తిప్పితే పసుపుపచ్చ.

"ఏమయ్యా ఎమిల్, మీ రౌతుకు కామెర్లా?" అన్నాడు పెత్రాక్.

"ఉండండి. పుస్తకంలో రాశారు. పక్కనున్న మనిషి ముఖం చూసి దానికి సరిపోయేలా తిప్పాలట."

"అయితే నా ముఖం చూడు." పెత్రాక్ ముందుకొచ్చి టోపీ తీశాడు.

కనుబొమల కిందంతా ఎండకు కమిలి బీట్‌రూటు. కనుబొమల పైన, టోపీ కింద దాక్కున్నదంతా పాలమీగడ.

"ఏ సగం చూసి తిప్పమంటావ్?" అన్నాడు నాన్న.

కొట్టంతా నవ్వింది. ఒక్కొక్కరే టోపీలు తీసి చూసుకున్నారు. ఊళ్ళో మగాళ్ళందరిదీ అదే వాటం, ముఖానికి రెండు రంగులు.

"నన్ను చూసి తిప్పు అబ్బాయ్," అంది అగ్నెస్ తేతా.

"నీ ముఖాన పౌడరుంది తేతా. రౌతును పెళ్ళికూతుర్ని చేసేస్తుంది ఈ పెట్టె."

ఆ మాట ఆవిడకు వినబడలేదు. ఇంతలో తెరమీదికి గుర్రం వచ్చింది. కొండ వాలు మీంచి దిగుతోంది. పెత్రాక్ మోకాలి మీద చరిచి, "ముఖాలు వదిలెయ్ ఎమిల్. గుర్రాన్ని చూసి తిప్పు. అది రిజ్కా. రెండేళ్ళుగా మొత్తుకుంటున్నా," అన్నాడు.

అన్నాక తెలిసింది అతనికి, ఏం పేరు పలికాడో. నోరు మూసుకున్నాడు. నవ్వులన్నీ ఆగిపోయాయి. పరదా వెనక అమ్మ బల్లమీద పిండి పిసుకుతున్న చప్పుడు కూడా ఆగింది.

నాన్న పరదా వైపు చూడలేదు. మెల్లగా, గడియారానికి కీ ఇచ్చేటంత మెల్లగా, మీట తిప్పాడు. గుర్రం ముదురు రంగులోంచి వేడెక్కుతున్న ఇనుములా ఎర్రబడింది. ఇంకాస్త తిప్పాడు. జూలు, వీపు, తొడలు, అన్నీ ఎర్రబడ్డాయి. దానితో పాటు మిగతా లోకం కూడా మారిపోయింది. గడ్డి పండిన గోధుమచేనులా పసుపెక్కింది. ఆకాశం వడగళ్ళకు ముందు మా ఊరి మీద కమ్ముకునే రంగుకు వచ్చింది, నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు, లోతైన నీటి అడుగు నుంచి పైకి చూస్తే కనబడే రంగు. మనుషుల ముఖాలు పొద్దంతా కోతలో ఉండి వచ్చినట్టు కమిలి ఉన్నాయి. మా ముఖాల్లాగే.

ఎవరూ కదల్లేదు. టీవీ వెలుగు మా మీద పడి అందరమూ ఆ నీళ్ళలోనే కూర్చున్నట్టుగా ఉంది. వెనక గోడమీద పాత కళ్ళేల ఇనుప చువ్వలు ఆ రంగులో మినుకుమినుకుమన్నాయి.

"బాగుంది," అన్నాడు పెత్రాక్ చాలాసేపటికి, గొంతు తగ్గించి, చర్చిలో అన్నట్టు. "అలాగే ఉంచు."

నాన్న మీట పక్కన చెక్కమీద తెల్లరంగు చుక్క ఒకటి పెట్టాడు. పరదా వెనక పిండి చప్పుడు మళ్ళీ మొదలైంది.

సెప్టెంబరంతా ఆ గుర్రమే సెట్లు అమ్మింది. నాన్న ఏమీ చెప్పేవాడు కాదు, కుర్చీ చూపించేవాడు. జనం కూర్చునేవాళ్ళు, గుర్రం కొండ దిగేది, మర్నాడు పొద్దున ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటూ కొట్లోకి వచ్చేవాళ్ళు. పెత్రాక్ మొదట కొన్నాడు. ధాన్యం గిడ్డంగి యజమాని కొన్నాడు. అగ్నెస్ తేతా కూడా కొనుక్కుంది, అది కాఫీగింజ రంగేనని ఒకపక్క సణుగుతూనే. నాన్న వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఇంటికప్పు మీద ఆంటెన్నా నిలబెట్టి, ఆదివారం ఆ వేళదాకా ఆగి, గుర్రం రాగానే తిప్పి, తెల్లచుక్క పెట్టి వచ్చేవాడు. ఊళ్ళోని సెట్లన్నిటికీ అదే ఎరుపు, అదే ఆకాశం.

ఆదివారం ఆ వేళకు వీధిలోకి వస్తే చూడాలి లిబ్బీ. ఇళ్ళ కిటికీలన్నీ ఒకే నీటిరంగులో వణికేవి. గుర్రం పరుగెత్తితే వీధి వీధంతా ఒక్కసారి ఎర్రగా మెరిసి ఆరేది. కుక్కలు అరవడం మానేసి మెట్లమీద కూర్చుని చూసేవి. ఫాదర్ గారు సాయంకాలం దీవెనలు ముందుకు జరిపేశారు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన ఇంటి కిటికీ కూడా అదే రంగులో ఉండేది. కథ అయ్యాక అగ్నెస్ తేతా బయటికొచ్చి ఆకాశంలోకి చూసి, "ఇదేంట్రా, వెలిసిపోయింది," అనేది, ఎవరో ఉతికి పాడుచేసినట్టు.

మొక్కజొన్న ఆకులు అంచుల నుంచి ఎండడం మొదలెట్టాయి.

అమ్మ ఒక్క ఆదివారం కూడా పరదా దాటి రాలేదు. నాన్న ప్రతి వారం మీటను చుక్క దగ్గరి నుంచి వెంట్రుకంత అటూ ఇటూ జరిపేవాడు. జనం సెట్టు వైపు చూసేవాళ్ళు, ఆయన పరదా వైపు చూసేవాడు. కొనేవాళ్ళ కోసం కాదు ఆ తిప్పడం. నాకు తెలుసు. పెత్రాక్‌కూ తెలుసు, అందుకే ఆ వేళ ఎన్నడూ వెక్కిరించలేదు.

అక్టోబరులో ఒకరోజు పరదా కదిలింది. అమ్మ చేతుల నిండా పిండితోనే వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. తెరమీద గుర్రం వాగులో నీళ్ళు తాగుతోంది. అమ్మ చూసింది. మెడ ఒకవైపు వాల్చి, బజారులో బట్ట తాను చూసేటప్పుడు ఆడవాళ్ళు చూస్తారే, అలా.

"అల్బీనా, ఎరుపు ఎక్కువైందని మీ నాన్నతో చెప్పు. రిజ్కాలో పసుపు ఉంటుంది."

నేను చెప్పనక్కర్లేకపోయింది. నాన్న చెయ్యి అప్పటికే మీటమీద ఉంది.

"ఇంకొంచెం," అంది అమ్మ. "మరీ అంత కాదు. వెనక్కి. ఆ. అక్కడ."

నాన్న చెయ్యి తీసి, పాత చుక్కను గోటితో గీకేసి కొత్త చుక్క పెట్టాడు. అమ్మ కథ అయ్యేదాకా నిలబడింది. ఆమె పెదవులు కదిలాయి. లాయంలో చెవిలో చెప్పేటప్పుడు కదిలినట్టే కదిలాయి.

తర్వాత ఆదివారాలు ఆమె పీపా మీద కూర్చుంది. ఆ గంటసేపు ఇద్దరూ తిన్నగా మాట్లాడుకునేవాళ్ళు, ఎర్రదనం గురించి మాత్రమే. "తగ్గిందా?" "కాస్త." "ఇప్పుడు?" "ఊఁ." బొమ్మ ఆపగానే మళ్ళీ నా మీదుగానే. ఒక రోజు పొద్దున రొట్టె కోస్తూ అమ్మ, "నిన్న కుడి కాలు కాస్త ఈడ్చింది, చూశావా? చలికి అలాగే చేస్తుంది," అంది నాతో. టపా రౌతు గుర్రం గురించి కాదు ఆ మాట. నాన్న కాఫీ కప్పులోంచి తల ఎత్తలేదు. ఆయనకు సంతోషం కలగాల్సింది. భయం వేసింది. మనిషి నిద్రలో నడుస్తుంటే పక్కనున్నవాడికి వేసే భయం.

మొక్కజొన్న కోతలు అయిపోయాయి. చేలు మొదళ్ళతో బోసిగా నిలిచాయి. వచ్చే వారం వెళ్తానంది అమ్మ. మళ్ళీ ఆదివారం అయ్యాక చూద్దామంది. ఆమెను ఊళ్ళో ఆపుతున్నది ఆ బొమ్మలోని గుర్రం ఒక్కటే.

నవంబరులో ఒమాహా నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. డెలానీ అని, సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. ఇంత చిన్న ఊళ్ళో అన్ని సెట్లు ఎలా అమ్మారో చూసి నాన్నను అభినందించి పోదామని ఆదివారమే వచ్చాడు. జనం పక్కకు జరిగి పీపా ఇచ్చారు, అగ్నెస్ తేతా కోలాచ్ ఇచ్చింది. బొమ్మ మొదలైంది. డెలానీ కోలాచ్ కొరకబోయి ఆగిపోయాడు.

"మిస్టర్ కుబాట్, మీ ఆకాశానికి ఏమైంది?"

"మా ఆకాశం అలాగే ఉంటుంది. వడగళ్ళు పడతాయి," అన్నాడు పెత్రాక్.

"ఒక్క నిమిషం. పాపం, ఎవరూ మీకు సరిగా చూపించినట్టు లేరు." అతను లేచి, తన చెయ్యి తెరమీది ముఖం పక్కన పెట్టుకుని, రెండూ ఒకటయ్యేదాకా మీట తిప్పాడు. రెప్పపాటులో అయిపోయింది. తెల్లచుక్క ఎక్కడో వెనకబడిపోయింది.

ఆకాశం నీలంగా ఉంది. గడ్డి ఆకుపచ్చగా ఉంది. మనుషుల ముఖాలు మనుషుల ముఖాల్లా ఉన్నాయి, ఎప్పుడూ ఎండలో పనిచెయ్యని మనుషులవి. గుర్రం కాఫీగింజ రంగులో కొండ దిగుతోంది. మంచి గుర్రమే. ఎవరిదో గుర్రం.

తగువులో అగ్నెస్ తేతాయే గెలిచింది. ఆవిడ ఒళ్ళోని పళ్ళెం వైపు చూసుకుంటూ ఉండిపోయింది.

"ఇలా ఉండాలి," అన్నాడు డెలానీ సంతోషంగా. తర్వాత మా ముఖాలు చూశాడు. "బాగుంది కదూ?"

"బాగుందండీ," అన్నాడు పెత్రాక్. "చాలా బాగుంది."

అమ్మ పీపా మీంచి లేచింది. తెర దగ్గరికి వెళ్ళి, వంగి, దగ్గరగా చూసింది.

"అది రిజ్కా కాదు," అంది.

ఊరివాళ్ళు కొందరు రంగు సంగతి అనుకున్నారు. తలూపారు. నాన్న అనుకోలేదు. గోడకు చేరబడ్డాడు.

బొమ్మ సగంలో ఉండగానే జనం ఒక్కొక్కరే టోపీలు పెట్టుకున్నారు. ఎవరికో ఆవు ఈనుతోందట, ఎవరికో పొయ్యి మీద పాలున్నాయట. డెలానీ మా నాన్నతో చెయ్యి కలిపి, మళ్ళీ వస్తానని కారెక్కాడు. ఏం తప్పు చేశాడో తెలియక ఒకసారి వెనక్కి చూశాడు పాపం. నేను పీపాలు సర్దుతున్నట్టు నటిస్తూ మూల నిలబడ్డాను. నాన్న టీవీ ఆపాడు. అద్దం మధ్యలో చిన్న చుక్క వెలుగు మిగిలి, అదీ ఆరిపోయింది. కిటికీలోంచి మామూలు సాయంకాలం లోపలికి వచ్చింది.

"బ్రోకెన్ బోలో ఎవరి పొలం ఎమిల్?" అంది అమ్మ. నా వైపు చూడలేదు.

నాన్న చేతిలో గుడ్డ ఉంది, టీవీ తుడిచేది. దాన్ని మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"పొలం లేదు."

"పిల్లలు?"

"పిల్లలూ లేరు. క్రౌపా లారీలో అప్పటికే చాలా ఉన్నాయి. అన్నీ ముసలివే. ఎక్కడికని నేను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని."

అమ్మ తలాడించింది. తెలుసుకోవడానికి కాదు, తెలిసినదాన్ని కింద దించుకోవడానికి.

"లారీ ఎక్కిందా తిన్నగా? చెక్క పలక మోగితే దానికి పడదు."

"ఎక్కలేదు. కాళ్ళు తన్నిపట్టి నిలబడిపోయింది. క్రౌపా కర్ర తీశాడు." నాన్న గుడ్డను మళ్ళీ మడిచాడు. "కర్ర వద్దన్నాను. నేనే ముందు ఎక్కాను, పగ్గం పట్టుకుని. నా వెనక ఎక్కింది వ్లాస్తా. మారు మాట్లాడకుండా ఎక్కింది."

వీధిలో దీపాలు వెలిగాయి. అమ్మ ఏడ్చిందా అంటే, నాకు వీపు మాత్రమే కనబడింది. ఒకసారి చెయ్యి చాచి గోడమీది పగ్గాన్ని పట్టుకుంది, బస్సులో నిలబడ్డవాళ్ళు పైనున్న పట్టీని పట్టుకున్నట్టు.

"నీ వెనక ఎక్కింది," అంది చివరికి.

"ఊఁ."

"అయితే భయపడలేదన్నమాట."

అమ్మ పగ్గం వదిలేసి, ఆయన పక్కనున్న పీపా మీద కూర్చుంది. నేను పరదా వెనక్కి వెళ్ళిపోయాను. సూపు నేనే వేడి చేశాను. పిలవలేదు, వాళ్ళే వచ్చారు.

తర్వాత కొన్నాళ్ళు ఊళ్ళోవాళ్ళు నాన్నను పట్టుకుని వదల్లేదు. ఒకరిని చూసి ఒకరు సెట్లు డెలానీ పద్ధతికి తిప్పి చూసుకున్నారు, మళ్ళీ మనసు పట్టక వచ్చారు. "నా ఎర్రగుర్రాన్ని నాకిచ్చెయ్యవయ్యా," అని పెత్రాక్ రోజూ వచ్చేవాడు. నాన్న అమ్మ ముఖం చూశాడు. "వాళ్ళ ఇంట్లో వాళ్ళ ఇష్టం. తిప్పిరా," అంది అమ్మ. ఆయన వెళ్ళి తిప్పి వచ్చాడు. అలా చాలా ఇళ్ళలో తెల్లచుక్కలు అలాగే ఉండిపోయాయి. మా కొట్లో మాత్రం ఆకాశం నీలంగానే ఉండేది, గుర్రం గోధుమరంగులోనే ఉండేది. అమ్మ అప్పుడప్పుడు వచ్చి చూసేది, దొంగ ఎవరో మాకంటే ముందే చెప్పేసేది.

ఆ చలికాలం ఆమె పిన్ని దగ్గరికి వెళ్ళలేదు. ఇంట్లో మాటలు ఎక్కువ లేవు. ఉన్నవి మాత్రం నా మీదుగా పోలేదు. ఉన్నంత కాలమూ ఆ ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు బతికారు, నాన్న పోయేదాకా.

ఇది నీ దగ్గర పెట్టుకో లిబ్బీ. నీ పిల్లలకు చెప్పు. రంగుల టీవీ హోర్కీకి ఎలా వచ్చిందో చెప్పు, పెత్రాక్ ముఖం చెప్పు, నవ్వుతారు. నేను మరిచిపోయినవేమైనా ఉంటే నీకు తోచినట్టు కలుపుకో, నాకేం అభ్యంతరం లేదు. ఒక్కచోట మాత్రం కలపకు. మా అమ్మ క్షమించిందని చెప్పకు. ఆ మాట నేను వినలేదు. ఆమె అడిగింది, ఆయన చెప్పాడు. అంతవరకే చెప్పు.